జాఫర్ కాల్చిన శిబిరం

మార్కాపురంలో ఎవరు దగ్గినా వైద్యులు ముందుగా రాతిపలకల పని వైపే చూస్తారు. ఆ అలవాటుకు కారణం లేకపోలేదు. రాయి కోసే దుమ్ముకు ఇక్కడ ఎన్నో ఛాతీలు చెడిపోయాయి. అయితే తరచు నిజమయ్యే మాట ప్రతిసారీ నిజమేననుకోవడం ఆలోచనలోని బద్ధకం. యాభై మూడేళ్ల జాఫర్ వైద్యపత్రంలో 'పలక దుమ్ము' అన్న మాట అలా చేరిందే.

జాఫర్ ఏనాడూ పలకల పని చేయలేదు. బస్టాండు దగ్గర పంక్చర్లు వేసేవాడు. 2009లో దుబాయి గోదాములో పని అని తీసుకుపోయిన కంపెనీ, నెల తిరగకముందే అతన్ని సైనిక విమానంలో అఫ్గానిస్తాన్‌కు చేర్చి, ఒక అమెరికా శిబిరంలో దించింది. పాస్‌పోర్టులో దుబాయి ముద్ర తప్ప మరొకటి లేదు. ఇప్పుడు కంపెనీ బీమావారు వైద్యం చేయించాలంటే, జబ్బు అక్కడి పొగ వల్ల వచ్చిందని కాగితం కావాలి. 'పలక దుమ్ము' అని ఉన్నంతకాలం ఆ దరఖాస్తును తిప్పి పంపుతూనే ఉంటారు. అందుకే భార్య చాంద్‌బీతో కలిసి, ఆ మాట రాసిన ఛాతీ వైద్యురాలు రాధాకుమారి దగ్గరకు మళ్లీ వచ్చాడు.

"మీ నాయన పలకల పనిలోనే పోయినాడు కదా భాయ్," అన్నది ఆమె.

"అందుకే నేను ఆ పనికి పోలేదు మేడం."

"ఆ క్యాంపు పేరేంది?"

"పేరు మాకు చెప్పలేదు. గేటు మీద నంబరు ఉన్నింది."

పేరులేని చోటును నమ్మడం కష్టం. ఆమె కలం మూత తీయలేదు. జాఫర్ చెప్పసాగాడు. తాను పోయేటప్పటికి అది ఎండిన దానిమ్మతోటలో పది గుడారాలు. మరుసటేడు చుట్టూ మట్టి నింపిన గోడలు, వంటశాల, విమానాలు దిగే బాట వచ్చాయి. మూడో ఏటికి నాలుగు వేలమంది. ఐస్‌క్రీము కూడా దొరికేది. అంతమంది చెత్తకు తవ్విన గుంట దగ్గర అతని పని. ప్లాస్టిక్కు, బ్యాటరీలు, మందులు, బూట్లు, అన్నిటినీ డీజిలు పోసి కాల్చడం. 2014లో సైన్యం వెళ్లిపోతూ మోయలేని మంచాలనూ కుర్చీలనూ అదే గుంటలో వేసింది. చివరి రోజు నాలుగు అట్టపెట్టెలు వచ్చాయి.

"ఏమున్నాయి వాటిల్లో?"

"మా హాజరు పుస్తకాలు. కాల్చమన్నారు, కాల్చినాను."

"మీ పేరున్న పుస్తకం మీరే కాల్చినారా?"

చాంద్‌బీ అందుకుంది: "ఇంట్లో పాత కరెంటు బిల్లు కూడా పారెయ్యనియ్యడు మేడం. అక్కడ మాత్రం బూడిద చేసి వచ్చినాడు."

వైద్యురాలు నవ్వలేదు. కథ ఇంత సరిగా అమరడమే ఆమె అనుమానానికి కారణం. ఆధారమంతా కాలిపోయిందనేవాడు నిజం చెబుతుండవచ్చు, చెప్పకపోనూ వచ్చు. చివరకు 'పలక దుమ్ము' కింద ఇలా రాసింది: 'శిబిరపు పొగ, రోగి చెప్పిన ప్రకారం'.

"ఆ చివరి మాట తీసెయ్యండి మేడం."

"చూడనిది ఎట్ల రాసేది భాయ్?"

"పలక దుమ్ము చూసి రాసినారా?"

ఆమె ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. ఆ మచ్చలు ఏ ఊరివో వాటి మీద రాసి లేదు. రెండు పంక్తులూ కొట్టేసి, 'కారణం నిర్ధారణ కాలేదు' అని రాసి సంతకం చేసింది.

మెట్లు దిగుతూ చాంద్‌బీ అడిగింది: "దీంతో పని అవుతాదా?"

"కాకపోవచ్చు. కానీ పలకల మీదికి తోసేదానికి ఇంక కుదరదు. నేను అక్కడ ఉన్నానో లేదో బీమావాళ్లే వెతుక్కోవాల. పోస్టాఫీసు మూసేలోపల దరఖాస్తు పంపాల, పద."