ఒకే టబ్బులో కడిగిన ఆకులు

మా అత్తమ్మ పోయిందని ఆదివారం పొద్దున నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నాన్నకు అక్క ఆమె. తమలపాకుల బుట్ట పట్టుకుని, గదులన్నీ వరసగా ఉండే మా చాలీ మెట్లు దిగబోతూ కూర్చుండిపోయిందట, మళ్ళీ లేవలేదు. నేను యూనివర్సిటీ హాస్టల్లో, బుధవారం సదస్సులో మాట్లాడాల్సింది బట్టీ పడుతున్నాను. ముంబయిలో మా కామాటిపురా చేరేదాకా బస్సులో ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట తమలపాకులు కొన్నవాళ్ళు మీలో ఉంటే ఆమె అమ్మిన ఆకులు తినే ఉంటారు, బేరమాడితే తిట్లూ తినే ఉంటారు. మచ్చ పడ్డ ఆకును మిగతావాళ్ళు మచ్చ మేరకు కత్తిరించి అమ్మేవాళ్ళు. ఆమె పారేసేది. కొత్త కట్టను పాత కట్టల్లో కలిపేది కాదు. మంచం కింద విడిగా ఒక రోజు ఉంచి, మర్నాడు ఒక్కో ఆకూ తిరగేసి చూశాకే బుట్టలోకి రానిచ్చేది. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత పరీక్ష ఉండదని మా అమ్మ ఎగతాళి చేసేది.

నేను మొక్కల తెగుళ్ళ మీద పరిశోధనకు చేరినప్పుడు చాలీలో అందరూ పెదవి విరిచారు. డాక్టరంటే మనుషులకే అనుకున్నారు వాళ్ళు. అత్తమ్మ ఒక్కతే, "మనుషులకు శానమంది డాక్టర్లున్నరు బిడ్డా. ఆకుకు ఎవరున్నరు?" అంది. తమలపాకు మచ్చ తెగులును ఎంచుకోవడానికి నాకు ఆ మాట చాలింది.

మొదటి ఏడాది నా ప్రయోగమంతా పాడైంది. తెగులు సోకిన ఆకులు ఒక పెట్టెలో, పోల్చి చూడడానికి అత్తమ్మ దగ్గర తెచ్చుకున్న మంచి ఆకులు ఇంకో పెట్టెలో పెడితే, అన్నిటికీ మచ్చలొచ్చాయి. ఎన్నిసార్లు చేసినా అంతే. సెలవుకు ఇంటికొచ్చి ఏడుస్తుంటే, నేను ఆకులెట్లా కడుగుతానో చేసి చూపించమంది అత్తమ్మ. చూపించాను. ముందు మచ్చల కట్ట, తర్వాత అదే టబ్బు నీళ్ళలో మంచి కట్ట. చదువుకున్నదాన్ని, నేను చేయాల్సిన పనేనా అది? కానీ మా చాలీలో నల్లా పొద్దున ఒక్క గంటే వస్తుంది. టబ్బెడు నీళ్ళతో పది పనులు చేసుకోవడం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలవాటు. ల్యాబ్‌లో నల్లా రోజంతా వస్తుంది, అయినా నా చెయ్యి చాలీ చెయ్యే.

ఆమె నవ్వలేదు, తిట్టలేదు. మార్కెట్లో పెద్ద వ్యాపారులు కూడా అన్ని ఊళ్ళ కట్టలూ ఒకే తొట్టిలో ముంచి తీస్తారని, అందుకే తాను తడి కట్ట ముట్టుకోనని చెప్పింది. అలా నా పొరపాటే నా పరిశోధన అయింది. తెగులు కడిగే నీళ్ళతోనే పాకుతుందని రుజువు చేయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆమె అప్పటికే రోజూ దాన్ని నమ్మి వ్యాపారం చేస్తోంది. ఆమె లేకపోతే నాకు పరిశోధనే లేదు, ఈ మాట ఎక్కడైనా చెప్తాను.

సదస్సులో మా విభాగం నుంచి నలుగురు విద్యార్థులం మాట్లాడాలి. రిహార్సల్ రోజున నా మొదటి స్లైడు దగ్గరే మా గైడు ఆపేశారు. అందులో టబ్బు, అత్తమ్మ చేతులు ఉన్న ఫొటో, కింద 'కామాటిపురా, ముంబయి' అని ఉంది. 'ముంబయిలోని ఒక మార్కెట్' అని రాస్తే చాలన్నారాయన మర్యాదగానే. ఆ పేరు వింటే జనానికి అక్కడి సానికొంపలే గుర్తొచ్చి ముసిముసిగా నవ్వుతారు, అసలు విషయం పక్కకు పోతుంది అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ భయమే. కాలేజీలో ఆ పేరు చెప్పి నేను పడ్డ చూపులు తక్కువేం కాదు. మార్చేస్తానని అత్తమ్మకు ఫోన్లో చెప్పాను.

"మా తాత పాలమూరుకెల్లి వచ్చి గీ బొంబైల రాళ్ళు మోసిండు, రోడ్లేసిండు. మా అసుంటి కూలోళ్ళు, కామాటోళ్ళున్నరనే గీ పేటకు గా పేరు," అంది. "గా పేరు చెప్పనీకి నీకు శరమైతే నా చేతులు తీసెయ్. ఉత్త టబ్బు సూపిచ్చుకో."

నాతో ఆమె చివరిసారి మాట్లాడింది అదే.

నేను సదస్సుకు బయల్దేరబోతే, పదో రోజు కాకుండా గడప దాటకూడదని బంధువులు అడ్డుపడ్డారు. నాన్న నా బ్యాగు తెచ్చి చేతికిచ్చాడు.

బుధవారం వేదికెక్కి, ఆ స్లైడు అలాగే పెట్టి, పేట పేరు గట్టిగా చదివాను. వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, మళ్ళీ అదే పేరు చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. చెప్పాల్సిందంతా చెప్పాను.

ప్రశ్నల సమయంలో ఒక పెద్ద శాస్త్రవేత్త లేచి, కడిగే నీళ్ళ సంగతి మొదట ఎవరి పేపర్లో చదివావని అడిగారు. చదవలేదని, మా అత్తమ్మ చెప్పిందని అన్నాను. ఆయన పెన్ను తీశారు.

"ఆవిడతో ఒకసారి మాట్లాడాలమ్మా. ఎక్కడ ఉంటారు?"

"కామాటిపురాలో సార్," అన్నాను. "మొన్న ఆదివారం దాకా."

ఆయన పెన్ను కాగితం మీద అలాగే ఉండిపోయింది. నేను మొదటి స్లైడు మళ్ళీ పెట్టి కిందికి దిగాను. తర్వాత మాట్లాడాల్సిన అమ్మాయి వేదిక మీదకు వచ్చింది, కానీ తన స్లైడు పెట్టడానికి తొందరపడలేదు. హాలంతా చూస్తుండగా అత్తమ్మ చేతులు గోడంత పెద్దవై తెర మీద అలాగే ఉన్నాయి.