ఐదు కాళ్ల చీమ

నా చిన్నప్పుడు మా ఇంట్లో చేదు మందు ఏది మింగించినా వెంటనే నాలుక మీద బెల్లం ముక్క పెట్టేవారు. ఆ అలవాటే ఒకసారి రెండు మల్లెకొమ్మల ప్రాణం తీసింది. తీసింది అలవాటే అంటున్నాను గానీ, చేతులు మాత్రం నావి.

ధరూర్ దగ్గర ఊరు మాది. పక్కింటి అక్కకు అమరచింత సంబంధం కుదిరింది. పెళ్లి ఇంకా నెలన్నర ఉంది. వాళ్ల వాకిట్లో ఆమె తల్లి పెట్టిన మల్లెచెట్టు ఉండేది. తల్లి పోయి రెండేళ్లయింది. ఆ ఎండాకాలం చెట్టుకు చెదలు పట్టింది. పచ్చగా మిగిలినవి మూడే మూడు కొమ్మలు. అక్క వాటిని తడిబట్టలో చుట్టి మా అవ్వ దగ్గరికి తెచ్చింది.

"మా అమ్మ పెట్టిన చెట్టవ్వా. ఎట్లన్న జేసి బతికియ్యి. నా ఎంబడి తీస్కపోత."

"ఏడ్వకు పిల్లా. నీకంటే ముందు గిదే అత్తగారింటికి తయారైతది," అంది అవ్వ.

అవ్వ కొమ్మలను కణుపు కింద ఏటవాలుగా కోసింది. కలబంద మట్ట చీల్చి గుజ్జు తీసింది. మొలకెత్తిన పెసలు నూరి, ఆ రసం కొన్ని నీళ్లలో కలిపింది. మొలకకు వేరు పుట్టించే బలమేదో అందులో ఉంటుందని ఆమె నమ్మకం. ఆ నీళ్లలో గుజ్జు వేసి గిలక్కొట్టి, కొమ్మల మొదళ్లను సాయంత్రం దాకా నానబెట్టింది. తర్వాత ఇసుక, ఎర్రమట్టి కలిపిన పాత కుండలో నాటి, స్నానాలు చేసే జాలాడి పక్కన నీడలో పెట్టింది. మిగిలిన మందు ముంతలో దాచి నాకు అప్పగించింది.

"దినాం జర్రంత పొయ్యి. ఇంక దాని జోలికి పోకు బిడ్డా."

అంతవరకే చేస్తే ఈ కథే లేదు. ఆ మందు ఎలా ఉంటుందోనని నాకి చూశాను. పరమ చేదు! పాపం, కొమ్మలు దీన్ని ఎలా తాగుతాయి? వంటింట్లోంచి బెల్లం గడ్డ తెచ్చి, మందులో చిదిపి పోశాను. రెండు కొమ్మలకు పోసేసరికి బెల్లం అయిపోయింది. దారిలో నేను తిన్న దానికి లెక్క లేదు. మూడో కొమ్మను కాపాడింది నా తిండిపోతుతనమే. నా జీవితంలో అది చేసిన మేలు అదొక్కటే.

మధ్యాహ్నానికి చీమల బారు వచ్చింది. భయపడి రెండు కొమ్మలూ పీకి, కడిగి, మళ్లీ గుచ్చాను. నాలుగు రోజుల్లో అవి నల్లబడిపోయాయి.

అక్క వచ్చి కుండ పక్కన కూర్చుంది. "గీ ఒక్కటన్న ఉంటదా అవ్వా?" అని మాత్రం అడిగింది. నేను తలుపు వెనక ఉన్నాను. అవ్వ ముంత అడుగున అంటిన బెల్లాన్ని వేలితో గీరుతూ, "చీమలు పట్టినయ్ పిల్లా. ఇగ నేను జూసుకుంట," అంది. నా పేరు ఎత్తలేదు.

ఆ సాయంత్రం మిగిలిన కొమ్మ చుట్టూ పొయ్యి బూడిద జల్లెడ పట్టి సన్నగా చల్లింది. చీమలు రాకుండానట. మరుసటి పొద్దున కుండ మీదికి వంగి చూసి నన్ను పిలిచింది.

"రాత్రి చీమ వచ్చినట్టున్నది. పెద్దది. ఐదు కాళ్లది."

అప్పటికి బళ్లో చీమల పాఠం అయిపోయింది. నోరు ఊరుకుంటేగా! "చీమకు ఆరు కాళ్లుంటయవ్వా," అన్నాను.

"గట్లనా? అయితే గిది చీమ కాదేమో బిడ్డా."

బూడిదలో, రాత్రి కొమ్మను తడిమి చూడబోయిన నా చేతి గుర్తు అచ్చంగా ఉంది. కొమ్మకు వేళ్లు రాకముందే నా వేళ్లు వచ్చాయి మరి. అవ్వ బూడిదను మళ్లీ నునుపుగా సర్దింది. ఆ తర్వాత కుండ దగ్గరికి పోయినప్పుడల్లా చేతులు వెనక్కి కట్టుకునే పోయాను. ఏదీ చేయకుండా ఉండటమంత కష్టమైన పని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

ఒకనాడు చిన్న ఆకు విప్పుకుంది. నేను ఎగిరి గంతేస్తే, "ఆకును నమ్మకు, అడుగున సంగతి తెల్వదు," అంది అవ్వ. పెళ్లికి రెండు రోజుల ముందు అక్కను పిలిచి, బూడిద తుడిచి, కొమ్మను రెండు వేళ్లతో మెల్లగా లాగి చూడమంది నన్నే. లాగాను. అది రాలేదు. లోపలి నుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు ఆగింది.

"పట్టుకున్నదక్కా!" అని అరిచాను. అక్క ఏడుస్తూ నవ్వుతూ నన్ను ఎత్తుకొని గిరగిరా తిప్పింది. బెల్లం సంగతి అప్పుడే చెప్పేశాను. తిప్పడం ఆపలేదు.

ఆ కుండ పెళ్లికూతురి ఒడిలో కూర్చొని అమరచింత పోయింది. మూడో ఏడు అక్క దాని కొమ్మ ఒకటి మా అవ్వకు తెచ్చింది.

ఇప్పుడు వనపర్తిలో మా మనవరాలు ఫోన్‌లో చూసి, కలబందకు దాల్చినచెక్క పొడి కలిపి కొమ్మలు నాటుతుంది. నేనూ పక్కన కూర్చొని అన్నీ అందిస్తాను. ఆఖరున కుండీలో ఇంత బూడిద చల్లుతాను. "మేడ మీద చీమలెక్కడివి నానమ్మా?" అంటుంది.

చీమలు లేవు నిజమే. డెబ్బై ఏళ్లొచ్చినా నేనింకా ఉన్నాను కదా.