పోయినవాడి బ్లాగులో కొత్త టపా

ఆఫీసులో నా పక్క సీటు అప్పన్నది, ఊరు భీమిలి. చేపల వేటకెళ్లి సముద్రంలో పోయిన అతని అన్నయ్యకు ఒక బ్లాగు ఉండేది. దాన్ని పాత సర్వర్ నుంచి ఈ మధ్యాహ్నం మా కొత్త సర్వర్ల గుంపు, కుబర్నెటీస్ క్లస్టర్‌లోకి మార్చాను.

తెరుచుకోగానే, ఈ రోజు తేదీతో అన్నయ్య పేరున కొత్త టపా కనిపించింది: "గాలి మళ్లింది. ఎవరూ వేటకి వెళ్లొద్దు."

"ముందే తేదీ పెట్టి ఉంచుంటాడు. తీసేయనా బావా?" అన్నాను.

అప్పన్న అప్పటికే ఇంటికి ఫోన్ కలిపాడు. "ఒరే తమ్ముడా, ఈయేళ బోటు తియ్యకండ్రా. అన్నయ్య వద్దంతన్నాడు."

అదేమిటని అవతల ఎవరూ అడగలేదు. సరేనన్నారు.

సాయంత్రం దాకా గాలి కదల్లేదు. అయినా ఆ టపా తీసేయడానికి నాకు చెయ్యి రాలేదు. మీరైతే తీసేసేవారా?