విరగని కాలికి కట్టు

నా చిన్నప్పుడు, కాలు నొప్పిగా ఉందని నెల రోజుల పాటు చెప్పాను. మీరైతే ఎన్నో రోజున నమ్మేవారు? తొందరపడి జవాబు చెప్పకండి. మా ఇంట్లోనూ మా బడిలోనూ ఉన్నవాళ్లు మీకంటే చెడ్డవాళ్లేమీ కారు. నన్ను ప్రేమించినవాళ్లే. అయినా వాళ్లలో ఒక్కరూ ముప్పయ్యో రోజున కూడా నమ్మలేదు.

మాది కొల్లేటి ఒడ్డు ఊరు. వానాకాలంలో మా బడి మైదానం నీళ్లలో ఉంటుంది. ఊరి చుట్టూ చేపల చెరువులు, వాటి గట్ల మీద జారుడు బురద. అక్కడ గట్టి నేల అంటే తారు రోడ్డొక్కటే. ఎనిమిదో తరగతిలో నేను ఖోఖో జట్టులో ఉండేదాన్ని. ఆ ఏడాది జోనల్ పోటీలు తాడేపల్లిగూడెంలో పెట్టారు. మైదానం మునిగిందన్న కారణంతో సాధన ఆగలేదు. పొద్దున ఒక గంట, బడి వదిలాక రెండు గంటలు, మా పీఈటీ మాస్టారు మమ్మల్ని ఆ తారు రోడ్డు మీదే ఉత్త కాళ్లతో పరుగెత్తించేవారు. లారీ వస్తే పక్కకు తప్పుకునేవాళ్లం. అది దాటగానే మళ్లీ మొదలు.

రెండో వారంలో కుడి కాలికి, మోకాలికీ చీలమండకీ మధ్య ముందెముక మీద, ఒకే ఒక్క చోట నొప్పి మొదలైంది. మొదట పరుగెత్తినప్పుడే ఉండేది. తరవాత నడిచినప్పుడూ ఉండేది. చివరికి మంచం మీద ఊరికే పడుకున్నా ఉండేది. మాస్టారుతో చెప్పాను. ఆటన్నాక నొప్పులుంటాయమ్మా, రేపటికి పోద్దిలే అన్నారు. మా మామ్మ ఆముదం రాసి కాపడం పెట్టింది. మా అమ్మ నవ్వి, "నిన్నటిదాకా కుడి కాలన్నావు, ఇవాళ ఏ కాలే?" అంది. ఇవాళా కుడి కాలే. మర్నాడూ కుడి కాలే. నా మాట ఒక్కరోజూ మారలేదు. దాన్ని వినేవాళ్ల ఓపికే అయిపోయింది.

మా నాన్నకు మాత్రం ఒక వైద్యం తెలుసు. ఆయన చేపల చెరువుల్లో వల లాగే కూలి. చేపలు పట్టే రోజుల్లో ఛాతీ లోతు నీళ్లలో నిలబడి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వల లాగాక నడుము పట్టేసేది. అప్పుడు దెందులూరు అవతల, హైవే పక్కనున్న ఒక పల్లెకు వెళ్లేవారు. ఎముకలు సరిచేసి కట్లు కట్టే ఒక ముసలాయన అక్కడ ఉండేవారు. అందరూ ఆయన్ని కట్ల తాతయ్య అనేవారు. ఆయన బోర్లా పడుకోబెట్టి, వెన్ను మీద అరచేయి ఆనించి ఒక్క అదుము అదిమితే టక్కుమని చప్పుడయ్యేది. నాన్న లేచి, మర్నాడు మళ్లీ వల పట్టుకునేవారు. నాన్నతో పనిచేసేవాళ్లందరిదీ అదే దారి. నడుము తగ్గిందా అని వాళ్లు ఒకరినొకరు అడగరు. "ఏం బావా, మోగిందా?" అని అడుగుతారు. మోగితే రేపు పనికొస్తాడని అర్థం.

అందువల్ల పోటీలు ఎల్లుండి అనగా నాన్న నన్ను మోటారు సైకిలు మీద కూర్చోబెట్టుకుని అక్కడికే తీసుకెళ్లారు.

"తాతయ్యగారండీ, ఎల్లుండి గూడెంలో పిల్లకి ఆటండి. ఒక్కసారి మోగించేయండి, సరిపోద్ది."

"మోగించడానికి ఇదేమన్నా మద్దెలేంటయ్యా?" అంటూ ఆయన నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. ఎముక వెంట బొటనవేలు మెల్లగా జరుపుకుంటూ వచ్చారు. ఒక చోట నేను కెవ్వుమన్నాను. ఆ కాలి మీదే నిలబడి ఒక్కసారి గెంతమన్నారు. గెంతలేకపోయాను. ఎముక చోటు తప్పలేదనీ, గట్టి నేల మీద పరుగెత్తి పరుగెత్తి అలిసిపోయిందనీ, నెలన్నర పాటు పరుగు మానిపించమనీ నాన్నకు విడమరిచి చెప్పారు.

నాన్న నవ్వారు. "ఎముక అలిసిపోవడమేంటండి బాబూ! ఇరవై ఏళ్ల నుంచి నేను లాగట్లేదా?"

"అలిసిపోబట్టే కదయ్యా నా దగ్గరికొస్తున్నావు."

"వచ్చి, మోగించుకుని పోతున్నాను కదండి. దానికీ మోగించండి మరి."

కొట్టుకెళ్లి రెండు కోడిగుడ్లు పట్టుకురమ్మని తాతయ్య నాన్నను పంపేశారు. ఆయన వెళ్లాక నన్నడిగారు, ఎన్నాళ్ల నుంచమ్మా అని. నెల నుంచండి అన్నాను. ఎవరికైనా చెప్పావా అన్నారు. అందరికీ చెప్పానండి అన్నాను. ఆ మాట అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

నాన్న గుడ్లు తెచ్చేసరికి తాతయ్య స్వరం మారిపోయింది. "నేనే పొరబడ్డానయ్యా. మళ్లీ చూశాను. ఎముక చిట్లింది. ఆరు వారాలు ఈ కాలు నేలకి ఆన్చకూడదు." తెల్లసొనలో మినప్పిండి కలిపి, మోకాలి నుంచి పాదం దాకా పట్టించి, వెదురు బద్దలు పెట్టి, పాత పంచె చింపి కట్టు కట్టారు. ముగ్గురు పిల్లలకు సరిపోయేంత గుడ్డ నా ఒక్క కాలికి చుట్టారు. నాన్న బండి తీయడానికి వెళ్లినప్పుడు నా చెవిలో, "విరగలేదమ్మా, భయపడకు. విరక్కుండా కట్టాను. ఎవరికీ చెప్పకు" అన్నారు.

నాన్న నన్ను గాజు బుడ్డిని ఎత్తినట్టు ఎత్తి బండి మీద పెట్టారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంత నొప్పి ఎలా ఓర్చుకున్నావే తల్లీ? ఒక్క మాట చెప్పొచ్చు కదే" అన్నారు. సాయంత్రం మాస్టారు బత్తాయిలు తెచ్చి, ముందే చెప్పుంటే ఇంతదాకా వచ్చేదా అమ్మా అన్నారు. నా లోపల కోపం పుట్టింది ఆ రోజే. ఇప్పటికీ చల్లారలేదు, చల్లార్చుకోవాలన్న కోరికా నాకు లేదు.

నా చోట ఏడో తరగతి అమ్మాయిని ఆడించారు. మా వెనక వీధి పిల్ల. ఆమె కూడా అదే రోడ్డు మీద పరుగెత్తింది. నాకున్న చోటే తనకూ నొప్పి ఉందని అంతకు ముందే నాకు వేలు పెట్టి చూపించింది. నొప్పి అని ఆమె చెబితే మాస్టారు, "అక్కని చూసి నువ్వూ మొదలెట్టావా?" అన్నారట. ఆ మాట ఆమే మా ఇంటికొచ్చి చెప్పింది. నేను కట్టు కాలు దిండు మీద పెట్టుకుని విన్నాను. నా కాలు విరగలేదనీ, మనిద్దరిదీ ఒకటే నొప్పి అనీ చెప్పడానికి నోరు రాలేదు. గూడెంలో రెండో మ్యాచ్‌లో ఆమె పరుగెత్తుతూ పడిపోయింది. ఎముక నిజంగానే విరిగింది. ఏలూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. తరవాత నడిచింది. కానీ మళ్లీ ఆడలేదు.

ఆరు వారాలకు కట్టు విప్పించుకోవడానికి వెళ్లినప్పుడు తాతయ్యను అడిగాను, నాన్నకు నిజమే చెప్పొచ్చు కదండీ అని. "ముందు నిజమే చెప్పాను కదమ్మా, నీ ఎదురుగానే. విన్నాడా?" అన్నారు. కాలేజీలో నాలుగేళ్లు డిబేట్ పోటీల్లో నిలబడ్డాను. ఎందరి వాదాలనో ఖండించాను. ఆ ముసలాయన ప్రశ్నకు మాత్రం చాలాకాలం జవాబు దొరకలేదు.

ఇప్పుడు దొరికింది. ఆయన నిజం రెండోసారి కూడా చెప్పాల్సింది. ఏలూరు వెళ్లి ఎక్స్‌రే తీయించమని గట్టిగా అనాల్సింది. ఆయన దయ నా కాలిని కాపాడింది, నేను కాదనను. కానీ ఎముక చిట్లిందన్న మాటతో నా నొప్పి ఒక ప్రమాదమైపోయింది. ప్రమాదానికి ఎవరూ బాధ్యులు కారు కదా! తారు రోడ్డును ఎవరూ తప్పుపట్టలేదు. రోజుకు మూడు గంటలు ఎందుకని ఎవరూ అడగలేదు. మరుసటి ఏడాది అదే రోడ్డు మీద కొత్త జట్టు పరుగెత్తింది. ఆ అబద్ధం ఒక్క కాలిని కాపాడి, దాని పక్కనున్న కాలిని వదిలేసింది. అలా వదిలేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు ఈ చప్పుళ్లు ఫోన్లలోకి వచ్చాయి. మెడ తిప్పి, నడుము విరిచి, టక్కుమన్న శబ్దం బాగా వినపడేలా మైకు దగ్గర పెట్టి వీడియోలు తీస్తున్నారు. వాటిని చూసి, మ్యాచ్ ముందురోజు పిల్లల్ని కైరోప్రాక్టిక్ అని బోర్డు పెట్టిన చోటికల్లా తీసుకెళ్లే తండ్రుల్ని తణుకులో చూశాను, ఏలూరులో చూశాను. శిక్షణ పొందిన చేతుల్ని నేను తక్కువ చేయడం లేదు. పట్టేసిన నడుముకు అవి ఉపశమనం ఇవ్వగలవు. అరిగి అలిసిన ఎముకకు కావలసింది విశ్రాంతి. అది ఏ చేతిలోనూ లేదు, ఆట ఆపమనగల పెద్దల నోట్లో ఉంది. ఆ ఒక్క మాట అనడానికి మనకు నోరు రాక, పిల్లల ఒంట్లోంచి చప్పుడు తెప్పించి తృప్తిపడుతున్నాం. దీన్ని వైద్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆనాటి నుంచి నాతో మిగిలింది ఒక అలవాటు. ఎవరైనా నొప్పి అంటే రుజువు అడగను. ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి అని మాత్రమే అడుగుతాను. మిమ్మల్ని కోరేదీ అదే. ఈ సాయంత్రం మీ ఇంటి పిల్ల ఆట నుంచి రాగానే ఆ రెండు ప్రశ్నలూ అడగండి. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమనండి. రోజూ ఒకే చోట చూపిస్తుంటే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ తరవాత మాస్టారుకు ఫోన్ చేసి, రేపు మా పిల్ల రాదండీ అని మీ నోటితో మీరే చెప్పండి. ఆ మాట పిల్లచేత చెప్పించకండి.