సైదమ్మ మార్కులు

మొన్న కోదాడ బస్టాండులో వాన పట్టుకుంది. సూర్యాపేట బస్సు కోసం నిలబడి ఉంటే, తడిసిన గొంగడి కప్పుకున్న గొర్ల కాపరి ఒకాయన వచ్చి నా పక్కన ఒదిగి నిలబడ్డాడు. తడి ఉన్ని వాసన, దాని వెనకే పొయ్యి పొగ వాసన. అటుపక్క ఇద్దరు ముఖం చిట్లించుకుని జరిగారు. నేను జరగలేదు. ఇరవై ఏళ్లకు ముందటి మా తొమ్మిదో తరగతి గది, కిటికీ పక్కన మూడో బెంచీ, దాని మీద నా పక్కనే కూర్చున్న సైదమ్మ, అన్నీ కళ్లముందుకొచ్చాయి. ఈలోగా బస్సు వచ్చి వెళ్లిపోయింది.

సైదమ్మది ఆత్మకూర్ (ఎస్) పక్కన ఒక చిన్న ఊరు. అమ్మానాన్నలు గొర్లు కాసేవాళ్లు. కోతలు అయిపోగానే మందను తోలుకుని మిర్యాలగూడ వైపు, సాగర్ కాలువ కింది పొలాలకు వెళ్లి, వానలు పడ్డాకే తిరిగొచ్చేవాళ్లు. అందుకే ఆమెను సూర్యాపేటలో హాస్టల్లో ఉంచి మా బడిలో చేర్పించారు. నాకు నత్తి. ఇప్పుడూ ఉంది గాని, దాన్ని దాటుకుపోయే దారులు కొన్ని తెలుసు. అప్పుడు ఒక్కటీ తెలియదు. ‘స’తో మొదలయ్యే మాట ఎదురైతే నా నాలుక అక్కడే ఆగిపోయేది. వెనక బెంచీల నుంచి నవ్వులు మొదలయ్యేవి.

ఒకరోజు తెలుగు సారు నన్ను లేపి పాఠం చదవమన్నారు. రెండో వాక్యంలోనే ఇరుక్కుపోయాను. అప్పుడు సైదమ్మ పుస్తకం మీదికి వంగి, నాకు మాత్రమే వినిపించేంత గొంతుతో అదే వాక్యం అందుకుంది. ఎలా జరిగిందో తెలియదు, ఆమె గొంతు పక్కన ఉంటే నా గొంతు కదిలింది. పేజీ సగం దాకా ఇద్దరం చదివాం. సారుకు అనుమానమొచ్చింది.

“ఆ రెండో గొంతెవరిది?”

“నాదే సార్,” అంటూ సైదమ్మ లేచి నిలబడింది. “ఇద్దరం సదివితె పాఠం జల్ది అయితదని.”

సారు కూడా నవ్వేశారు. అప్పటినుంచి పదో తరగతి పరీక్షల దాకా నేను గట్టిగా చదివిన ప్రతి వాక్యం కింద ఆమె గొంతు ఉంది.

అలాంటి మనిషికి నేను ఏం చేశానో కూడా చెప్పాలి. ఒక వానాకాలం ఉదయం ఆమె ఇంటి నుంచి నేరుగా బడికి వచ్చింది, నాన్న గొంగడి కప్పుకుని. అది మూలన పెట్టినా వాసన బట్టలకు అంటుకునే ఉంది. ముందు బెంచీ అమ్మాయిలు ముక్కులు మూసుకున్నారు. నేను బెంచీ చివరిదాకా జరిగి కూర్చున్నాను. సైదమ్మ నా వైపు చూసి, అందరికీ వినపడేలా, “నీకు జలుబు గద, ఆడ్నే గాలికి కూసో,” అంది. నాకు జలుబు లేదు.

పదో తరగతి చలికాలంలో ఆమె మెట్లెక్కుతూ మధ్యలో ఆగడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి కీళ్లు వాచాయట. ఆ జబ్బు గుండెను పాడుచేసిందని, మూడు వారాలకొకసారి సూది తప్పక వేయించాలని హైదరాబాదులో చెప్పారట. “మంద ఎంబడి తిరుగుతుంటె సూదెవరేస్తరు? ఒకటి రెండు తప్పిపోతయ్,” అంది, హోమ్‌వర్కు తప్పిపోయినంత తేలిగ్గా.

పరీక్షలు కాగానే మంద దగ్గరికి వెళ్లింది. నెల తిరగకముందే మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చారని తెలిసింది. మా నాన్న లారీ ఆఫీసులో గుమాస్తా. అక్కడి రైసు మిల్లుకు వెళ్లే లారీలో నన్ను తీసుకెళ్లాడు. పడుకుంటే ఊపిరి ఆడక, దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి.

“రమా, రిజల్ట్ రాంగనే నువ్వే వచ్చి చెప్పాలె. మా నాయినకు సదువు రాదు, ఎవలనో అడుగుతడు, వాళ్లేదో చెప్తరు,” అంది.

“నేనే వస్తా,” అన్నాను.

ఫలితాలు వచ్చాయి. నాకు నాలుగు వందల రెండు, సైదమ్మకు నాలుగు వందల ఎనభై ఒకటి. మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లాను. ఆ మంచం మీద ఎవరో ముసలమ్మ ఉంది. సైదమ్మను ఎక్కడికి మార్చారో అడగడానికి కింద కౌంటరు దగ్గరికి వచ్చాను.

“ఎవలు గావాలె? పేషెంటు పేరేంది?” అడిగాడు అక్కడ కూర్చున్నతను.

“స... స...”

“పేరు చెప్పమ్మా, ఎనక లైనున్నది.”

నోరు తెరిచే ఉంది, పేరు మాత్రం రాలేదు. వెనక ఎవరో నవ్వారు. నేను పక్కకు తప్పుకుని, అలాగే నడుచుకుంటూ బస్టాండుకు వచ్చేశాను. నా సంచిలో పెన్ను ఉంది. పేరు కాగితం మీద రాసి చూపించవచ్చని బస్సు కదిలాక తట్టింది. అప్పుడైనా దిగి ఉండవచ్చు. దిగలేదు.

ఇంట్లో అడిగితే, “చెప్పొచ్చిన” అన్నాను. ఆ ఒక్క అబద్ధంతో, నాన్న వెళ్లి చెప్పే అవకాశం కూడా పోయింది. నాలుగు రోజులకు సైదమ్మ చనిపోయింది. కబురు మాకు చేరేసరికే ఊళ్లో అన్నీ అయిపోయాయి. “పాపం, పాసైన సంగతన్న తెలిసి పోయింది,” అన్నాడు నాన్న. నేను తల దించుకుని అన్నం కలుపుతూ ఉండిపోయాను.

కోదాడలో కాలేజీ ఉద్యోగం వచ్చాక, అంటే తొమ్మిదేళ్లకు, ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. వాళ్లమ్మ నన్ను పోల్చుకుని లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. గ్లాసు పట్టుకునే, ఆ రోజు దవాఖాన కౌంటరు దాకా వెళ్లి తిరిగొచ్చేసిన సంగతి చెప్పాను, చాలాచోట్ల ఆగుతూ. ఆమె తొందరపెట్టలేదు.

“నువ్వొస్తవని రోజూ తలుపుదిక్కే సూసేది బిడ్డా,” అంది చివరికి. “రిజల్టొచ్చిందని నర్సమ్మ చెప్పినంక గూడ నువ్వు రాకపోతివి. ‘రమ రాలేదంటె నేను ఫెయిలైనట్టేనమ్మా. ఆ మాట చెప్పలేక వస్తలేదు. దాన్నేమనకు’ అన్నది.” నా చేతిలోని గ్లాసు అందుకుంటూ, “ఫెయిలే గద?” అని అడిగింది.

బిడ్డ పోయాక వాళ్లు బడి గడప తొక్కలేదు. వాళ్లకూ ఎవరూ చెప్పలేదు.

“పాసైంది పెద్దమ్మా. ఫస్ట్ క్లాసు. నాకంటే ఎక్కువ.”

ఆమె లేచి, వాకిట్లో తాడు పేనుతున్న భర్త దగ్గరికి వెళ్లింది. “ఇన్నవా? పిల్ల పాసైందంట.”

“ఏ పిల్ల?”

“మన సైదమ్మ.”

ఆయన తాడు కింద పెట్టి నా వైపు తిరిగాడు. “ఎన్నొచ్చినయ్ బిడ్డా?”

“నాలుగు వందల ఎనభై ఒకటి.”

“అంటె శానేనా?”

“శానా.”

తలూపి, మళ్లీ తాడు చేతిలోకి తీసుకున్నాడు గాని పేనలేదు. ఇద్దరూ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం తినిపించే పంపారు.

వాళ్లు క్షమించారని అనుకుని తేలికపడదామని చాలాసార్లు చూశాను. వాళ్లకు నిజం తెలిసింది. తెలియాల్సింది వాళ్లకు కాదు. అంత చదివిన పిల్ల, చివరి నాలుగు రోజులూ ఊపిరికి తన్నుకులాడుతూ, తను ఫెయిలయ్యానని నమ్మింది. పైగా ఆ మాట చెప్పలేక నేను బాధపడుతున్నానని నా మీద జాలిపడింది.