దోమతెరల కుంభకోణం

నవ్వేవాళ్లు మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి, పొలమారితే నాకు సంబంధం లేదు. నిండు సభలో, సాక్షాత్తూ అధ్యక్షుల వారి కళ్లెదుట, నా పరువు గోదాట్లో కలిసిన వైనం చెప్పబోతున్నాను. అందులో కాస్త దయ్యాల గొడవ కూడా ఉంది. గుండె జబ్బున్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

అప్పుడు నేను కొత్త ఎమ్మెల్యేని. మా నాయన బతుకంతా బొగ్గుబాయిలో దిగినవాడు. నేను గెలిచి అసెంబ్లీ మెట్లెక్కితే మా కాలనీ చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించాడు. గెలిచింది మాత్రం ప్రతిపక్షంలో. ఆరోగ్య శాఖ మీద ప్రశ్నలు వేసే పని పార్టీ నాకు అప్పజెప్పింది. ప్రతిపక్షంలో కొత్త సభ్యుడంటే కొత్త చెప్పులు తొడుక్కున్న పిల్లాడే, నడిస్తే కిర్రుమని నలుగురికీ వినబడాలి.

ఫాల్గుణ మాసంలో ఒకనాడు చర్ల సంతలో జోగమ్మ అనే ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"సారూ, అసెంబ్లీల అడిగేటోడివి నువ్వేనా?"

"అవ్ అమ్మా, నేనే. ఏంది చెప్పు."

"మా ఊర్ల దవాఖాన ఉంది, నర్సమ్మ లేదు. తాళం తుప్పు పట్టింది. పోయిన వానలకు మా కోడలికి నొప్పులొస్తే మంచం మీద మోసుకపోయినం. వాగు దాటనియ్యలే. బిడ్డ దక్కలే. ఇప్పుడు మల్ల కడుపుతోటి ఉంది. వాగు రాకముందే నర్సమ్మను పంపియ్యమను. ఇంకేం అడగ."

"నేనే వస్త, నా కండ్లతోటి చూస్త," అన్నాను.

"ఇప్పుడు రాకు సారూ. ఇప్పపువ్వు రాలుతున్నది, ఊర్ల మనిషి దొరకడు. పువ్వు అయినంక రా."

చూశారా, ఎంత స్పష్టంగా చెప్పిందో! కానీ రమ్మన్నప్పుడు వెళ్తే దాన్ని ఆకస్మిక తనిఖీ అని ఎవరంటారు? ఆ మాట మీద నాకు అప్పట్లో పిచ్చి మోజు. రెండు రోజులాగి, ఎవరికీ చెప్పకుండా, నా కారు నడిపే యాదగిరిని వెంటబెట్టుకుని బయలుదేరాను.

తెల్లవారకముందే ఊరు చేరాం. కారు దిగగానే నాకు తోచింది ఒక్కటే, ఇక్కడ ఏదో తేడాగా ఉంది. కుక్క మొరగలేదు. కోడి కూయలేదు. ప్రతి ఇంటి తలుపూ దగ్గరికి వేసి ఉంది, తాళం లేదు. జోగమ్మ ఇల్లు అడుగుదామంటే అడగడానికి మనిషి లేడు. ఒక గుడిసెలోకి తొంగిచూస్తే పొయ్యిలో నిప్పు ఇంకా ఎర్రగా ఉంది. కుండలో జావ గోరువెచ్చగా ఉంది. తాగేవాళ్లే లేరు.

"అన్నా," అన్నాడు యాదగిరి, గొంతు తగ్గించి, "ఊరు ఊరంతా యాడికి పోయింది?"

"ఉంటరులే, ఆడనో ఈడనో."

"మంచాల మీద బొంతలు గట్లనే ఉన్నయి. లేసిన మనిషి బొంత మడత పెట్టడా? ఏదో వచ్చి ఎత్తుకపోయినట్టే ఉందన్నా!"

"నోర్ముయ్!" అన్నాను. నా నోరు కూడా ఎండిపోయిందని వాడికి తెలియకూడదు కదా.

దవాఖాన తలుపుకి ఉన్న తాళం జోగమ్మ చెప్పినట్టే తుప్పుపట్టి ఉంది. లోపల మాత్రం ఏదో కిర్రు కిర్రుమంటోంది. కిటికీ సందులోంచి టార్చి కొట్టి చూస్తే ఖాళీ ఉయ్యాల త్రాసు, పసిపిల్లల్ని తూచేది, గాలికి తనంతట తాను ఊగుతోంది. పోయిన వానలకు దక్కని బిడ్డ గుర్తొచ్చింది. అక్కడ ఇంకొక్క క్షణం నిలబడలేకపోయాను.

వెలుగొచ్చేదాకా ఆగుదామని ఒక నులకమంచం మీద కూర్చున్నాం. దోమలు చెవుల దగ్గర సంగీత కచేరీ మొదలుపెట్టాయి. చంపుతూ చంపుతూ తలెత్తి చూద్దును కదా, మంచానికి నాలుగు మూలలా కర్రలు కట్టి ఉన్నాయి, దోమతెర లేదు. పక్కింట్లో చూశాను, కర్రలున్నాయి, తెర లేదు. ఏ ఇంట చూసినా అదే తీరు. ఇంటింటికీ ఉచితంగా దోమతెరలిచ్చామని మంత్రిగారు మొన్ననే ఊదరగొట్టారు. భయమంతా ఎగిరిపోయింది. నర్సు లేదంటే పేపర్లో లోపలి పేజీ. కుంభకోణం అంటే మొదటి పేజీ! జోగమ్మ ఏం అడిగిందో ఆ క్షణాన పూర్తిగా మరిచిపోయాను. ఇది మాత్రం నవ్వకుండా చెబుతున్నాను, సిగ్గుపడాల్సిన విషయం.

"యాదగిరీ, దోమతెరలు మింగిన్రురా!"

"అన్నా, జెర ఆగు. గా చప్పుడేంది?"

ఊరి వెనక అడవిలోంచి వస్తోంది. టప్. కాసేపు నిశ్శబ్దం. టప్. టప్. ఎవరో వేలితో తలుపు కొడుతున్నంత మెల్లగా. దాంతోపాటు ముక్కుపుటాలు పట్టేసే తియ్యటి వాసన, ఏదో బాగా మగ్గిపోతున్నట్టు. ఆ చప్పుడు వైపు నడిచాం. ఎందుకు నడిచామంటే ఇప్పటికీ జవాబు లేదు, పోగాలం దాపురిస్తే కాళ్లు మన మాట వినవు.

అప్పుడప్పుడే వెలుగొస్తున్న అడవిలో పొగ నేలబారుగా పరుచుకుని ఉంది. ఆ పొగలో చెట్టుకీ చెట్టుకీ మధ్య తెల్లగా, మనిషెత్తున, ఏవో వేలాడుతున్నాయి. ఒకటి కాదు, చూసినంత మేరా. గాలి లేకపోయినా మెల్లగా కదులుతున్నాయి. వాటి మీదే ఆ చప్పుడు. టప్. టప్. ఇంతలో మా తలల మీంచి, ఆకాశంలోంచి, ఎవరో దగ్గారు.

యాదగిరి "అమ్మో!" అని కారువైపు దూకాడు. నేను సండే స్కూల్లో నేర్చుకున్న కీర్తన అందుకున్నాను, సగంలో మరిచిపోయాను, మిగతా సగానికి కేకలు పెట్టాను. వెనక్కి తిరిగి పరుగెత్తబోతే ఒక తెల్లటిది ఎదురొచ్చి నన్ను చుట్టేసుకుంది. కాళ్లు, చేతులు, మెడ. ఎంత గింజుకుంటే అంత బిగిసింది. బొర్లాపడ్డాను, దొర్లాను, ఎద్దులా అరిచాను. చివరికి దాన్ని ఈడ్చుకుంటూనే కారుదాకా పాకి, చింపుకుని బయటపడి, తిరిగి చూడకుండా చర్లలో తేలాం.

"ఎవనికన్న చెప్పినవో..." అన్నాను.

"నా భార్యకు గూడ చెప్పనన్నా," అన్నాడు యాదగిరి.

అయితే అది నన్ను వదల్లేదు. పది రోజులు దాటాక హైదరాబాదులో ఒక పొద్దున వెన్నులోంచి సన్నటి చలి పుట్టింది. ఎండాకాలంలో రెండు రగ్గులు కప్పుకుని వణికాను. మధ్యాహ్నానికి చెమటపట్టి పోయింది. మర్నాడు ఏమీ లేదు. ఆ మర్నాడు సరిగ్గా అదే వేళకు మళ్లీ చలి. అడవిలోది వెంట వచ్చేసిందని నాకు రూఢి అయిపోయింది. ఫోన్లో అమ్మకు చెబితే పాస్టరు గారిచేత ప్రార్థన చేయించింది. ఆరోగ్య శాఖ మీద ప్రశ్నలడిగే మనిషిని, డాక్టరు దగ్గరికి పోవాలన్న ఆలోచనే రాలేదు!

ప్రశ్నోత్తరాల రోజు వచ్చింది. లేచి నిలబడ్డాను. "అధ్యక్షా! ఆ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాను. ఒక్క దోమతెర లేదు. ఎక్కడికి పోయాయి? ఎవరు మింగారు?" మా వాళ్లు బల్లలు చరిచారు. టప్. టప్. ఆ చప్పుడుకి నా వెన్ను మళ్లీ చల్లబడింది.

మంత్రిగారు తీరిగ్గా లేచారు. "అధ్యక్షా, ఇప్పపువ్వు ఏరుకునే కాలంలో ఆ ఊరంతా అడవిలోనే ఉంటుంది. కింద ఆకులు కాల్చేసి, టపటపా రాలే పువ్వు మట్టిపాలు కాకుండా దోమతెరలు చెట్ల కింద కడుతున్నారు. అలా కట్టొద్దని చెబుతున్నాం, వినడం లేదు. గౌరవ సభ్యులు అడిగిన తెర ఎక్కడుందో మాత్రం కచ్చితంగా చెప్పగలను." ఒక పెద్ద ఫొటో పైకెత్తారు. చెట్టు మీంచి తీసింది. తెల్లటి తెరలో చుట్టుకుపోయి, నోరు తెరిచి, నేల మీద దొర్లుతున్నాను నేను. నా వీపు మీద నీలి అక్షరాల్లో ముద్ర: ఉచిత పంపిణీ, అమ్మరాదు.

"సభ్యుల ఒంటి మీదే ఉంది, అధ్యక్షా!"

చంకలో బిడ్డను పెట్టుకుని సంతంతా వెతికినట్టంటారు. నేను ఒంటి మీద తెర పెట్టుకుని శాసనసభంతా వెతికాను. సభ ఘొల్లుమంది. మా పార్టీ వాళ్లు బల్లల కిందికి వంగి నవ్వారు. అధ్యక్షుల వారు కళ్లద్దాలు తుడుచుకుంటూ "తర్వాతి ప్రశ్న" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది జోగమ్మ. ఆమె అడిగిన ఒక్కగానొక్క మాట ఈ నవ్వుల్లో కొట్టుకుపోతోంది. వాగు ఎవరి కోసమూ ఆగదు. "అధ్యక్షా, ఒక్క నిమిషం!" అని మళ్లీ లేచాను. సరిగ్గా అప్పుడే చలి నన్ను జుట్టుపట్టి ఊపింది. పళ్లు కటకటలాడాయి. "ఆ... ఆ ఊళ్లో... దవాఖానకు తాళం... నర్సు లేదు... పోయిన వానలకు వాగు దాటలేక ఒక బిడ్డ..." గొంతు వణికింది, కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి, బల్ల పట్టుకుని నిలబడలేక కూలబడ్డాను.

మంత్రిగారే కళ్లు తుడుచుకున్నారు. "సభ్యుల ఆవేదన నన్ను కదిలించింది. ఈ వారంలోనే నర్సును పంపుతాం," అన్నారు. ఎవరో గ్లాసుతో నీళ్లిచ్చారు. మర్నాడు పేపర్లన్నీ నా కన్నీటి ప్రసంగాన్ని మెచ్చుకున్నాయి. నాకు చదివే ఓపిక లేదు, దవాఖానలో పడి ఉన్నాను. రక్తం చూసిన డాక్టరు తేల్చింది ఒక్కటే మాట: మలేరియా.

వానలు మొదలయ్యాక వాగుకు ఆవలి నుంచి జోగమ్మ కబురు వచ్చింది, మనవరాలు పుట్టిందని, నర్సమ్మే పురుడు పోసిందని. వాగు తగ్గాక చూడ్డానికి వెళ్లాను. ఈసారి చెప్పే వెళ్లాను. ఉయ్యాల త్రాసులో పిల్ల కాళ్లు తన్నుకుంటోంది. నాకు ఈసారి నిజంగానే కళ్లు చెమ్మగిల్లాయి, జ్వరం ఏమీ లేదు.

"ఆ దినం మాకు చెప్తే ఏమాయె సారూ?" అంది జోగమ్మ. "పువ్వు కోసం ఎలుగుబంటి వస్తున్నదనుకొని ఊరు ఊరంతా చెట్లెక్కినం. మా ముసలాయన ఆపుకోలేక దగ్గిండు. మా పోరడు తెరల చిక్కిన ఎలుగును ఫోటో దీస్తనని దీస్తే, దాంట్ల నువ్వొచ్చినవ్, అది ఫోన్లల్ల తిరిగి మంత్రి దాకా పోయింది."

"మరి దోమతెరలు మంచాలకు కట్టుకోరాదమ్మా?"

"గిప్పుడు కడుతున్నం. నర్సమ్మ నీ ఫోటో గోడకు పెట్టింది గద. తెర కట్టకుంటే గిట్లయితరు అని అందరికి చూపెడుతది."

అందుకని పాఠక మహాశయుల సాక్షిగా, నా తల్లి ప్రార్థనల సాక్షిగా, నన్ను కుట్టిన ఆ ఆడదోమ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ ఊరికైనా వాళ్లు రమ్మన్న రోజునే వెళ్తాను. వాళ్లు అడగమన్నదే ముందు అడుగుతాను. ప్రజల సొమ్ము ఎక్కడికి పోయిందని సభలో గర్జించేముందు, ఒక్కసారి నా వీపు తడిమి చూసుకుంటాను.