లోపలి అంచు అరిగిన టైరు

మధ్యాహ్నపు ఎండలో ఎక్కడైనా వేడి రబ్బరు వాసన తగిలితే నా కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి. ఇచ్చోడలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు, నీళ్ళతొట్టిలో మెల్లగా లేచే బుడగలు, టైరు మీద అరచెయ్యి వేసి ఏదో వింటున్నట్టు కూర్చున్న యూసుఫ్ చాచా కనిపిస్తారు. ఆయన పని పంక్చర్లు వేయడమే. కాని టైరును తడిమి బండి సంగతంతా చెప్పేవారు. అప్పటికి నేను పదేళ్ళుగా జీపు నడుపుతున్నాను. నా అంతటి డ్రైవరు జిల్లాలో లేడని నా గర్వం.

ఎనభైల్లో మా చెల్లె పెండ్లి ధర్మపురిలో కుదిరింది. పెండ్లికి ముందురోజు సంగతి ఇది. తెల్లారి పెండ్లిపిల్లతో సహా మావాళ్ళందరినీ తీసుకుపోవాల్సింది నేనే. అంతకు నెల కిందట ఘాట్‌రోడ్డులో ముందు చక్రం రాయికి గుద్దుకుంది. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. ఆ టైరు లోపలి అంచు అరిగిపోతుంటే, దాన్ని వెనక్కి వేసి వెనకది ముందుకు తెచ్చాను. మా డ్రైవర్లందరం చేసే పనే. ఆ రోజు గాలి కొట్టించడానికి ఆగితే, చాచా వెనక టైరును ఇటూ అటూ దువ్వారు.

"గిది ముందుది గదా బేటా?"

"అయితే ఏంది చాచా? గాలి కొట్టు."

"ఒక్కదిక్కు నున్నగుంది, ఎదురు దువ్వితే గీరుతుంది. చక్రం సక్కగ దొర్లలే, ఈడ్చుకుంట పోయింది. టైరు మార్చినవ్, బండి నొప్పి ఏడికి పోతది? దేనికి గుద్దినవ్?"

"దేనికీ గుద్దలే."

ఆయన బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు. "పెండ్లిపిల్లను ఎక్కిస్తున్నవ్. జర కిందికి వంగి సూడు" అన్నారు.

కోపంతోనే జీపు కిందికి దూరాను. ముందు చక్రాలను కలిపే కడ్డీ వంగి ఉంది. దాని చివరి కీలు చేత్తో కదిపితే ఊగింది. చెల్లె కూర్చున్న బండి ఘాటు దిగుతుంటే అది ఊడినట్టు కళ్ళముందు కనబడింది. "రాయికి గుద్దిన చాచా" అన్నాను. ఆయన పానాలు తెచ్చారు. పొద్దుగూకేదాకా ఇద్దరం కలిసి కడ్డీ మార్చాం. పెండ్లి చల్లగా జరిగింది.

ఆ తర్వాత ఏళ్ళతరబడి తీరికైనప్పుడల్లా ఆయన ఎదురుగా కూర్చుని నేర్చుకున్నాను. రెండంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ. ఆయన పోయిన రోజు గడప దగ్గర ఆయన చెప్పులు చూశాను. ఎడమది బాగానే ఉంది. కుడిది ఒక పక్క కాగితమంత పల్చగా అరిగిపోయింది. ఎన్నేళ్ళు ఆ కాలు ఈడ్చుకుంటూ నడిచారో. చూడడం నేర్పిన మనిషినే నేను చూడలేదు. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ళు విడిచిన చెప్పుల వైపు చూస్తాను. ఒకటి ఒక పక్కకు అరిగి ఉంటే, కుర్చీ వేసి, "కాలు ఎప్పటిసంది నొస్తుంది?" అని అడుగుతాను.